మోరి నీళ్ళకు వెల ఎవరు కట్టాలి?

(అంబర్‌పేటలో పాడి సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పచ్చిమేత గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని మమ్మల్ని పిలిచారు. చెప్పడానికి సిద్ధపడే వచ్చాము. కాని లోపలికి వస్తుండగా గుమ్మం దగ్గర ఒక పెద్దమ్మ మమ్మల్ని ఆపి, "మోరి నీళ్ళకు గూడ పైసలు కట్టాల్నా సారూ?" అని అడిగింది. ఆ తల్లి మూసీ ఒడ్డున కౌలుకు తీసుకొన్న భూమిలో గడ్డి పెంచి, మోపులు కట్టి అమ్ముకొంటుంది. ఆ ప్రశ్న విన్న తరువాత మేము తయారుచేసుకొని వచ్చిన కాగితాలు జేబులోనే వుండిపోయాయి. మేత సంగతి కూడా వస్తుంది. అయితే ముందు నీటి లెక్క చూద్దాము.

మనం కూర్చున్న యీ చోటికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో మీకు తెలియనిది కాదు. హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట మీదుగా వచ్చి అంబర్‌పేట వద్ద మూసీలో కలుస్తుంది. చిక్కడపల్లిలో కడిగిన గిన్నె నీరు, నారాయణగూడలో ఉతికిన బట్టల నీరు, ఎవరెవరి స్నానాల గదుల నీరు అంతా మన వైపే దిగుతుంది. యిక్కడ 1985లో ఒక శుద్ధి కేంద్రం వచ్చింది. తరువాత జాతీయ నదుల పరిరక్షణ పథకం క్రింద రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగును శుద్ధి చేయగల పెద్ద కేంద్రాన్ని కట్టారు. అంత పెద్ద అంకె మనసుకు పట్టదు గనుక దానిని పొలం లెక్కలోకి మార్చి చూద్దాము. ఎకరం మడిలో ఒక అంగుళం నీరు నిలబడాలంటే సుమారు 1 లక్షా 3 వేల లీటర్లు కావాలి. అంటే ఆ కేంద్రం నిండుగా పనిచేసిన రోజున బయటికి వచ్చే నీరు 3,300 ఎకరాలకు ఒక్కొక్క అంగుళం తడి పెట్టగలదు. మండు వేసవిలో కూడా యీ నీరు ఆగదు. ఎగువన చెరువు ఎండిపోతుందేమో గాని, పట్నం స్నానం చేయడం మానదు.

ఆ నీటితోనే పీర్జాదిగూడ, పర్వతాపురం, ప్రతాపసింగారం, యింకా దిగువన కత్వల క్రింద వున్న పల్లెలు బ్రతుకుతున్నాయి. ఒకప్పుడు యిక్కడ వరి వేసేవారు. మురుగు చిక్కనైన కొద్దీ పైరు ఏపుగా పెరిగి, వెన్ను తక్కువై, పడిపోవడం మొదలైంది. ఉప్పు శాతం పెరిగిన మడుల్లో నారే బ్రతకలేదు. అప్పుడు రైతులు పారా గడ్డి వైపు మళ్ళారు. బ్రెజిలు దేశంలోని పారా అనే రాష్ట్రం పేరు మీద వచ్చిన గడ్డి యిది. నీళ్ళలో నిలబడి పెరుగుతుంది, ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి కోతకు వస్తుంది. ఊరి నడుమ గేదెలు పెట్టుకొన్నవారికి తెల్లవారేసరికి వాకిట్లో దిగే మోపు చాలావరకు యిదే. కాబట్టి మూసీ నీటికి వెల కడితే, ఆ వెల మోపు ధరలోకి వస్తుంది, అక్కడినుంచి పాల ధరలోకి వస్తుంది. ఆ పెద్దమ్మ అడిగింది మనందరి తరఫున అడిగిన ప్రశ్న.

నీటికి డబ్బు కట్టడం మనకు కొత్త కాదు. చెరువు క్రింది వ్యవసాయంలో నీరటి వుండేవాడు. తూము ఎత్తడం, దింపడం, ఎవరి వంతు ఎప్పుడో చూడడం అతని పని. అతని కూలి కళ్ళం దగ్గర గింజల రూపంలో ముట్టేది. పంట పండిన తరువాత, పండినదానిలోనుంచి ఇచ్చేవారు. నీరు రాని మడి రైతు దగ్గరికి వెళ్ళి గింజలు కొలవమనడానికి ఏ నీరటికీ నోరు వచ్చేది కాదు. యిది చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, యీనాటి తీరువా పద్ధతిలో లోపించింది యిదే.

ఆంగ్లేయుల ఏలుబడిలో మద్రాసు రాజధానికి 1865లో నీటి పన్ను చట్టం వచ్చింది. తరువాత ఎన్నో మార్పులు జరిగి, ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి నీటి పన్ను చట్టం అమలులోకి వచ్చింది. 1996లో రేట్లు సుమారు మూడు రెట్లు పెంచి, పెద్ద ప్రాజెక్టుల క్రింద మొదటి వరి పంటకు ఎకరానికి 200 రూపాయలు చేశారు. మరుసటి సంవత్సరం, 1997లో, రైతుల చేతికే కాలువల యాజమాన్యం ఇస్తూ చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. ఆలోచన మంచిదే. కాని తీరువా ఎకరానికే గాని నీటికి కాదు. కాలువ తల దగ్గర మోకాలి లోతు నీరు కట్టుకొన్నవాడూ 200, చివరి ఆయకట్టులో రాత్రంతా పార పట్టుకొని కాపలా కాసినవాడూ 200. నీరు పొదుపు చేసినవాడికి ఒక్క పైసా మిగలదు. యిది ఎటువంటిదంటే, పాల కేంద్రంలో పాలు కొలవకుండా, గేదెకు ఇంత అని డబ్బు ఇచ్చినట్లు. ఆ పద్ధతి మన సంఘంలో పెడితే వారం రోజులు నడుస్తుందా?

బోరు క్రింది రైతు సంగతి మరొకటి. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇస్తున్నారు. ఎండిన పొలాలకు అది ప్రాణం పోసిన మాట నిజమే. కాని లోతు బోరు వేయించుకోగలిగిన స్తోమత వున్నవాడికి నీరు ఉచితం, ప్రక్కన బావి ఎండిపోయినవాడికి ఏమీ లేదు. తెలంగాణలో కాలువ తీరువా కూడా తరువాత రద్దయింది. తీరువా పోయినందుకు రైతుగా ఎవరం బాధపడము. కాని దానితో పాటు, డబ్బు కట్టాము గనుక కాలువ పూడిక తీయండని అడిగే హక్కు కూడా కొంత బలహీనపడిందని మా అభిప్రాయం. యిది అందరికీ రుచించదని తెలుసు.

యిప్పుడు మోరి నీటికి వద్దాము. ఇక్కడ రెండు వేరువేరు వెలలు కలిసిపోతున్నాయి. ఒకటి, నీటిని తెచ్చి ఇచ్చినందుకు తీసుకొనే కూలి. రెండవది, నీటిని చెడగొట్టినందుకు కట్టవలసిన నష్టం. మొదటిది నీరు పుచ్చుకొన్నవాడు కట్టాలి. రెండవది నీరు పాడుచేసినవాడు కట్టాలి. మూసీ క్రింది రైతు దగ్గరికి వచ్చి, నీవు నీరు వాడుతున్నావు గనుక కట్టు అని ఎవరైనా అంటే, అతడు మొదట అడగవలసింది, యీ నీటిలో వున్న మురికికి నాకు ఎవరు కడతారు అని.

మురికికి వెల కట్టడం ఎలా అని మీరు అడగవచ్చు. దానికి జవాబు మన పాల కేంద్రంలోనే వుంది. మనం లీటర్లు ఒక్కటే చూడము. వెన్న చూస్తాము, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తాము. నీళ్ళ పాలు పది లీటర్లు పోసినవాడికంటే చిక్కని పాలు ఆరు లీటర్లు పోసినవాడికి ఎక్కువ రావచ్చు. మురుగుకు కూడా ఇటువంటి పరీక్ష వుంది. నీటిలోని మలినం కుళ్ళిపోవడానికి ఎంత ప్రాణవాయువు తాగుతుందో కొలుస్తారు. దానిని బి.ఓ.డి. అంటారు. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. ప్రభుత్వ ప్రమాణాలలో పరిశ్రమలు నదిలోకి వదిలే నీటికి 30, పొలానికి పెట్టే నీటికి 100, ఊరి మురుగు కాలువలోకి వదిలేదానికి 350 హద్దులుగా పెట్టారు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాము. ఒక అపార్టుమెంటు నుంచి రోజుకు లక్ష లీటర్ల నీరు వస్తుంది, బలం 200. మొత్తం మలినం 20 కిలోలు. ఒక కర్మాగారం నుంచి పదివేల లీటర్లే వస్తుంది గాని బలం 5,000. మలినం 50 కిలోలు. లీటరుకు ఇంత అని వెల పెడితే అపార్టుమెంటు పదింతలు కట్టాలి. మలినం కిలోకు ఇంత అని పెడితే కర్మాగారం రెండున్నర ఇంతలు కట్టాలి. ఏది న్యాయమో కేంద్రంలో పాలు పోసే పిల్లవాడిని అడిగినా చెబుతాడు.

మన దేశంలో 1977లో నీటి కాలుష్య సెస్సు చట్టం చేశారు. పరిశ్రమలూ, పురపాలక సంఘాలూ వాడిన నీటిని బట్టి పైసల లెక్కన వసూలు చేసేవారు. మలినపు రకాన్ని బట్టి రేటు కొంత మారేది గాని, ఎన్ని కిలోల మలినం వదిలారని తూచేవారు కారు. ఆ డబ్బు కేంద్ర ఖజానాకు పోయి, అక్కడినుంచి కాలుష్య నియంత్రణ మండలులకు వచ్చేది. దిగువన మడిలో నిలబడ్డ రైతుకు అందులో వాటా లేదు. 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఆ సెస్సును ఎత్తివేశారు.

వెల లేకపోతే ఏమవుతుందో పటాన్‌చెరు చెబుతుంది. 1970ల నుంచి అక్కడ మందుల కర్మాగారాలు, రసాయన కర్మాగారాలు పెరిగాయి. నక్కవాగు నీరు పెట్టిన పొలాలు చెడిపోయాయి, బావులు చెడిపోయాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కోర్టు ఆదేశాల మీద పంట పోయిన రైతులను లెక్కకట్టి పరిహారం ఇప్పించవలసి వచ్చింది. పాడుచేసినవాడే కట్టాలన్న సూత్రాన్ని అదే కోర్టు 1996లో రెండు తీర్పులలో, రాజస్థాన్‌లోని బిచ్ఛిడి గ్రామం విషయంలోనూ, తమిళనాడులోని తోళ్ళ కర్మాగారాల విషయంలోనూ, గట్టిగా చెప్పింది. చాలా మంచిది. కాని పరిహారం అంటే పొలం చచ్చిన తరువాత వచ్చేది. రైతు కాగితాలు పట్టుకొని తిరగాలి, సంవత్సరాలు గడవాలి. వెల అయితే మలినం వదిలిన నెలలోనే బిల్లు వస్తుంది, బిల్లు చూసి యజమాని శుద్ధి యంత్రం బాగుచేయించుకొంటాడు. రెండింటికీ వున్న తేడా యిదే.

పటాన్‌చెరు కథకు అంబర్‌పేటతో సంబంధం ఏమిటంటే, అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రంలో శుద్ధి చేసిన నీటిని సుమారు 18 కిలోమీటర్ల పైపు ద్వారా తెచ్చి పట్నం మురుగు లైనులో కలిపి అంబర్‌పేటకు పంపే ఏర్పాటు చేశారు. నక్కవాగు రైతుకు ఊరట కలగవచ్చు. కాని ఊరి మురుగును శుద్ధి చేయడానికి కట్టిన కేంద్రంలో క్రిములు మలాన్ని తింటాయి గాని, రసాయనపు ఉప్పును తినవు. ఉప్పు వచ్చినదారినే పోతుంది. పోయేది గడ్డి మడుల్లోకి. ఒక వాగు కష్టాన్ని పైపు వేసి మరొక నదికి మోసుకొని వచ్చినట్లయిందని ఆనాడే చాలామంది అభ్యంతరం చెప్పారు.

ఇంతవరకు మీరు తలలు ఊపుతూనే వున్నారు. యిక ఊపుతారో లేదో చూడాలి.

మనం మాత్రం శుద్ధులమా? ఒక పెద్ద గేదె రోజుకు వేసే పేడ, పోసే మూత్రం కాలువలోకి కడిగివేస్తే, ఆ మలినం పదిమంది మనుషులదానికి తక్కువ వుండదు. ఇరవై గేదెల కొట్టం అంటే రెండు వందలమంది వున్న బస్తీ. పొలం ప్రక్కన వున్న కొట్టంలో పేడ ఎరువు. పట్నం నడుమ వున్న కొట్టంలో అదే పేడ మోరి. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పాడి కొట్టాలకు, గోశాలలకు మార్గదర్శకాలు జారీ చేసింది. పేడను కాలువలోకి వదలరాదనీ, ఎరువుగానో గ్యాసుగానో మార్చాలనీ అందులో వుంది. మన సభ్యులలో చాలామంది ఆ సంగతి వినలేదు. విన్నవారిలో కొందరు విననట్లు వున్నారు.

పాల గురించి కూడా చెప్పాలి. స్వచ్ఛమైన పాలకు బి.ఓ.డి. లీటరుకు సుమారు లక్ష మిల్లీగ్రాములు. ఒక్క లీటరు పాలు కాలువలో పోస్తే, 250 బలంగల మురుగు 400 లీటర్లు పోసినట్లే. విరిగిపోయిన పాలను ఒక శీతలీకరణ కేంద్రంలో ప్రక్క నాలాలో పారబోయడం మేము కళ్ళారా చూశాము. ఆ నాలా క్రింద గడ్డి కోసుకొనేవారు కూడా మన సభ్యులే. ఆ రోజు మేము గట్టిగా మాట్లాడలేదు. మాట్లాడి వుండవలసింది.

ఇతర దేశాలలో పాడి రైతు మీద వెల వేసినచోట్లు వున్నాయి. ఫ్రాన్సులో 1964 చట్టంతో నదీ పరీవాహకానికి ఒక జల సంస్థ చొప్పున ఆరు పెట్టారు. నీరు తీసుకొన్నవారు, పాడుచేసినవారు కట్టిన డబ్బును ఆ నదీ ప్రాంతంలోనే ఖర్చు పెడతారు. 2006 నాటి చట్టం ప్రకారం పెద్ద పశువుల లెక్కలో 90 దాటిన మందకు, అందులో మొదటి 40 మినహాయించి, తలకు 3 యూరోల చొప్పున వేశారు. అదికూడా వున్న భూమికి మించి పశువులను పెట్టుకొన్నవారికే. మినహాయింపులోని న్యాయం గమనించండి. నెదర్లాండ్సులో 1998 నుంచి కొన్నాళ్ళు మరొక పద్ధతి నడిచింది. కొట్టంలోకి దాణాగా, ఎరువుగా ఎంత నత్రజని వచ్చింది, పాలుగా, పంటగా ఎంత బయటికి పోయింది అని పద్దు వ్రాసి, హద్దు మించి మిగిలినదాని మీద రుసుము వేసేవారు. మన పాస్‌బుక్కులాంటిదే. ఐరోపా న్యాయస్థానం తప్పుపట్టడంతో 2006లో దానిని మానుకొన్నారు. పద్దు బాగుంది గాని దాని మీద తగాదాలు ఎక్కువైనాయి. మూడు గేదెలున్న మన ఇంటి ఆడపడుచు చేత అటువంటి పద్దు వ్రాయించడం అయ్యే పని కాదు. రెండో మూడో గేదెలున్నవారిని పూర్తిగా వదిలివేయాలి. వందల పశువులు పెట్టి నాలాలోకి గొట్టం వేసినవారిని వదలరాదు. వారు మన సభ్యులైనా సరే.

మూసీ నీటి వెల మాటకు మళ్ళీ వద్దాము. శుద్ధి చేయని నీటికి రైతు దగ్గర ఒక్క రూపాయి తీసుకోవడం కూడా అన్యాయం. శుద్ధి చేసి, ప్రమాణానికి తెచ్చి, కాలువ బాగుచేసి, వంతు ప్రకారం ఇచ్చిననాడు దానిని తెచ్చిన ఖర్చు అడగవచ్చు. అదికూడా ఎకరానికి కాదు, పారిన గంటలను బట్టి. ఇజ్రాయెల్ దేశంలో మురుగు నీటిలో నూటికి 90 పాళ్ళకు దగ్గరగా శుద్ధి చేసి వ్యవసాయానికి ఇస్తారు. మంచినీటికంటే దానికి ధర తక్కువ పెడతారు. తక్కువ పెడితేనే రైతు పుచ్చుకొంటాడు, మంచినీరు ఊరికి మిగులుతుంది. శుద్ధి ఖర్చు మాత్రం స్నానం చేసినవాడిదీ, కర్మాగారం నడిపినవాడిదీ.

ఆ నీటిలో ఎరువు వుంది గనుక రైతుకు లాభమే కదా అని కొందరు వాదిస్తారు. లెక్క చూద్దాము. శుద్ధి అయిన నీటిలో లీటరుకు 30 మిల్లీగ్రాముల నత్రజని వుందనుకొంటే, ఎకరానికి ఒక అంగుళం తడిలో 3 కిలోల నత్రజని, అంటే ఆరేడు కిలోల యూరియాతో సమానం. లాభమే. కాని రైతు సంచి విప్పి వేసుకొన్న యూరియా కాదది. వద్దన్నా వచ్చే యూరియా. నెలకు నాలుగైదు తడులు పెట్టే గడ్డిలో అది మితిమీరుతుంది. అప్పుడు గడ్డిలో నైట్రేటు చేరుతుంది, ఎక్కువైతే పశువు నెత్తురు నల్లబడి ఊపిరాడక పడిపోతుంది. అందుచేత మోరి గడ్డి ఒక్కటే ఖాళీ కడుపున వేయవద్దు. ఎండుగడ్డితో కలిపి వేయండి. దాని మీద మళ్ళీ యూరియా చల్లే అలవాటు కొందరికి వున్నది. దయచేసి మానండి. పచ్చిమేత గురించి చెప్పమని పిలిచినవారికి మా ఋణం యిక్కడితో తీరింది.

వెల వేసేటప్పుడు మరొక చిక్కు వున్నది. భూమి ఒకరిది, గడ్డి కౌలుదారుది, కోత కూలీది, మోపు కొనేది పట్నంలోని గేదెవాడు. భూమి మీద వేస్తే కౌలులో కలుపుతారు. గడ్డి మీద వేస్తే మోపు ధరలో కలుపుతారు. ఏదైనా చివరకు చేతిలో కొడవలి వున్నవారి మీదకే జారుతుంది. ఆ నీళ్ళలో దిగి కోసేవారికి కాళ్ళ పుండ్లు, కొక్కెం పురుగులు ఎక్కువని మూసీ ఒడ్డున జరిగిన పరిశోధనల్లో కూడా తేలింది. కర్మాగారాల నుంచి మలినపు వెల వసూలైతే, అందులో మొదటి ఖర్చు యీ కూలీలకు మందులు, రబ్బరు బూట్లు కావాలని మేము అంటాము. రెండవది కత్వల మరమ్మతు. కార్యాలయానికి కొత్త కుర్చీలు చిట్టచివర.

రుసుమును పాల బిల్లులో కోసుకొంటే వసూలు సులువు కదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. మేము ఒప్పుకోము. పాల బిల్లు పది రోజుల పస్తును తప్పించే డబ్బు. సంఘం కార్యదర్శి తహసీలు బంట్రోతు కాకూడదు. ఒకసారి ఆ కోత మొదలైతే, దాని వెనుక ఇంకెన్ని కోతలు క్యూ కడతాయో ఎవరూ చెప్పలేరు.

ఆ పెద్దమ్మకు మేము యింకా జవాబు చెప్పలేదు. అమ్మా, యీ నీళ్ళకు నీవు కట్టవలసింది యిప్పుడు ఏమీ లేదు. నీకే రావలసి వున్నది. ఎంత రావాలో చెప్పాలంటే నీటి లెక్క మన దగ్గర వుండాలి. అందుకని మూసీ క్రింది సంఘాలన్నీ ఒక పని చేయాలని కోరుతున్నాము. నెలకు రెండుసార్లు, ఒకసారి పగలు, ఒకసారి రాత్రి, కత్వ దగ్గర శుభ్రమైన సీసాలో నీరు పట్టండి. పట్టేముందు అదే నీటితో సీసాను రెండుసార్లు తొలవండి. ఖాళీ లేకుండా నింపి మూత బిగించి, మంచుగడ్డల పెట్టెలో పెట్టి, పాల వాహనంతో పాటు అదే రోజు పంపండి. ఆలస్యమైతే పరీక్ష చెడుతుంది. సీసా మీద కత్వ పేరు, తేదీ, గంట, పట్టినవారి పేరు పెన్సిలుతో వ్రాయండి. సిరా తడికి చెరిగిపోతున్నది.